పద్నాలుగు బారలు

వైరింగు మేస్త్రి ఇంట్లో వంటగది స్విచ్చు పదకొండేళ్ళుగా గోడలోంచి ఊడి వేలాడుతోంది. దాన్ని గరిటె కాడతో వెయ్యాలి, గరిటె కాడతోనే ఆర్పాలి. ఆ వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా గోడల్లో ఉన్న తీగలన్నీ మేస్త్రి చేత్తో లాగినవే. ఎవరింట్లో ఏ పైపు ఎక్కడ వంగిందో కళ్ళు మూసుకుని చెబుతాడు. తన ఇంటి స్విచ్చు మాత్రం ఆయనకు కళ్ళు తెరిచినా కనిపించదు. దీపం కింద చీకటి అన్న పెద్దమనిషెవరో ఈ వంటింట్లోకి ఒకసారి తొంగిచూసే ఆ మాట అని ఉంటాడని మేస్త్రి భార్య నమ్మకం.

ఆవిడ బట్టలు కుడుతుంది. వీధిలో అందరూ ఆవిణ్ణి సూది అంటారు. కుట్టుపని చేస్తుందని మాత్రమే కాదు. ఎదురుగా ఎవరూ అనరు. అన్నా ఆవిడేం నొచ్చుకోదు. పదును లేకపోతే సూదెందుకవుతుంది, ఇనప పుల్లవుతుంది అంటుంది.

ఆ ఇంటికి కొత్త తీగ అవసరం కోడలి వల్ల పడింది. కోడలు ఒక ఆసుపత్రిలో ఆరేళ్ళుగా ఫోన్ల దగ్గర పని చేస్తోంది. రోగులు ఫోన్ చేస్తే ఏ డాక్టరు ఏ రోజు ఉంటాడో చూసి, ఎప్పుడు రావాలో చెప్పి, కంప్యూటర్లో రాసుకోవాలి. ఇప్పుడు ఫోన్లున్న గదిలో రోగులకి మంచాలు వేసుకుంటామనీ, ఫోన్ల పని ఇళ్ళ నుంచే చెయ్యాలనీ ఆసుపత్రి వాళ్ళన్నారు. ముందుగా అరగంటసేపు పరీక్ష. ఆ అరగంటలో ఇంటి నెట్టు లైను ఒక్కసారి తెగినా ఆ పని ఇంకొకరికి పోతుంది. అందరికీ రెండు అవకాశాలిచ్చారు. మొదటిసారి కోడలు గాల్లో వచ్చే సిగ్నలుతో కూర్చుంటే ఏడో నిమిషంలోనే తెగిపోయింది. రెండోది సోమవారం పదకొండు గంటలకి. ఈసారి తీగతోనే కలపాలి, తలుపు మూసి ఉండాలి, వెనకాల చప్పుడు వినపడకూడదు అని కాగితం పంపారు.

నెట్టు పెట్టె ముందు గదిలో ఉంది. ఆ గదికి ఎదురుగా గ్రిల్లులు చేసే వెల్డింగు షాపు. అక్కడ కూర్చుని మాట్లాడితే, ఫోన్ చేసిన రోగికి ఆసుపత్రిలో ఎముకలు కోస్తున్న చప్పుడు వినబడుతుంది. నెమ్మదిగా ఉండేది వెనక గది ఒక్కటే. నడుమ వరండా, వంటిల్లు, మూడు మందపాటి గోడలు ఉన్నాయి. కొడుకు దూరపు బస్సుల మీద డ్రైవరు. వారానికి ఐదు రోజులు ఇంట్లో ఉండడు, ఉన్న రెండు రోజులూ నిద్రపోతాడు.

"నెట్టు వాళ్ళని పిలుద్దాం మామయ్యా. వాళ్ళే తీగ కూడా లాగి పెడతారంట," అంది కోడలు.

ఆ మాటతో మేస్త్రి మీసం లేచింది.

"నా ఇంట్లో ఇంకొకడొచ్చి తీగ లాగుతాడా? వీధిలో తలెత్తుకు తిరగొద్దా నేను? నలభై ఏళ్ళు కరెంటుతో కాపురం చేసిన చెయ్యమ్మా ఇది. ఆ తీగెంత? ముట్టుకుంటే చురుక్కుమని కూడా అనదు. షాకు కొట్టనిది కూడా ఓ తీగేనా?"

"షాకు కొడితేనే కాపురమా?" అంది సూది, మిషను మీంచి తలెత్తకుండా. "అయితే నాతో నీకు బాగానే కుదిరింది."

కోడలు నవ్వాపుకుని లోపలికి పోయింది.

శనివారం మేస్త్రి తీగ కొనడానికి బయల్దేరాడు. బొత్తాలు అయిపోయాయని సూది కూడా వెంట వెళ్ళింది. కరెంటు సామాను షాపువాడు నీలం రంగు తీగ చుట్ట తీసి, బల్లకి కొట్టిన మీటరు బద్ద మీద కొలవబోయాడు.

"అది తీసి పక్కన పెట్టు," అన్నాడు మేస్త్రి. "ముందు గది నుంచి వెనక గదికి పైపు పద్నాలుగు బారలు. ఇల్లు కట్టిన నాడు నేను వేసిందే. ఇటివ్వు, నేను కొలుస్తా."

"మీటర్లలో ఎంతో చెప్తే..."

"నీ మీటరు పుట్టకముందు నా బార పుట్టిందిరా అబ్బాయ్."

తీగ కొస ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో దాని వెంట జారుస్తూ, రెండు చేతులూ చాపాడు. ఒకటి. రెండు. మూడు. సూది బొత్తాల పొట్లం పట్టుకుని పక్కన నిలబడి చూస్తోంది. ఎడమ చెయ్యి నిటారుగా వెళుతోంది. కుడి చెయ్యి వెళ్ళాల్సినంత దూరం వెళ్ళడం లేదు. రెండేళ్ళ కిందట నిచ్చెన మీంచి పడ్డాడు. ఎముక అతుక్కుంది, భుజం మాత్రం బిగుసుకుపోయింది. చెయ్యి పూర్తిగా చాచే లోపే ఆగిపోతుంది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. మేస్త్రి అసలే ఎత్తడు. నిచ్చెన ఎక్కే పని వస్తే, "ఈ మధ్య చిన్న పనులు ఒప్పుకోవట్లేదు," అంటాడు.

ముప్ఫై ఏళ్ళుగా మనుషుల్ని చూసి గుడ్డ కత్తిరిస్తున్న కన్ను ఆవిడది. బారకి ఆరంగుళాలు తగ్గుతోంది. పద్నాలుగు ఆర్లు ఎనభై నాలుగు. ఏడడుగుల తీగ తక్కువ. పైపు కొలత పాత చేతిది, తీగ కొలత ఈ చేతిది.

ఆవిడ నోరు తెరిచింది. షాపువాడు నవ్వుముఖంతో చూస్తున్నాడు. వాడి ముందా, అనుకుంది. అయినా ముసలోడు ఒకటో రెండో బారలు ఎక్కువే తీసుకుంటాడులే అనుకుని నోరు మూసుకుంది. మేస్త్రి పద్నాలుగు దగ్గర టక్కున తెంపాడు. పదిహేనోది కొలిస్తే పరువు పోతుందన్నట్టు.

ఆదివారం పొద్దున్నే తీగ లాగుడు మొదలయింది. వంటింటి గోడలో మోటారు తీగ ఉన్న పైపులోంచే ఇదీ దూర్చాడు.

"మోటారు పక్కనే పెడతావేంటయ్యా?"

"పైపులో చోటుంది. పక్కపక్కన పడుంటాయి. నీ బొత్తాలు నువ్వు చూసుకో."

పదింటివేళ వంటింటి జంక్షన్ బాక్సు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత దాహమన్నాడు. సూది నీళ్ళు తెచ్చేసరికి వంటింటి తలుపు వేసి ఉంది. "అక్కడ పెట్టి వెళ్ళు," అన్నాడు లోపలి నుంచి. ఆవిడ నీళ్ళు గుమ్మం మీద పెట్టింది. పావుగంట తర్వాత తలుపు తీశాడు. నేల మీద నల్ల టేపు ముక్కలు, బూడిద రంగు ప్లాస్టిక్కు తొక్కలు ఉన్నాయి. ఆవిడ చీపురు తెచ్చి ఊడ్చింది. తెచ్చింది నీలం తీగ. తొక్కలేమో బూడిద రంగువి.

వెనక గదిలో తీగ కొస బయటికి తీసినప్పుడు ఆవిడ పక్కనే ఉంది.

"ఇదేంటి? ముందు గదిలో నీలంగా దూరింది, ఇక్కడ బూడిదగా తేలింది. మూడు గోడలు దాటేసరికే ముసలిదైపోయిందా?"

"ఆ కంపెనీ తీగ అంతే. పొడుగు మీద రంగు మారుద్ది," అన్నాడు మేస్త్రి, ఆవిడ ముఖం చూడకుండా.

మేస్త్రి రెండు కొసలకీ కనెక్టర్లు నొక్కాడు. ఎనిమిది రంగుల వరస ఎవరో రాసిచ్చిన చీటీ జేబులోంచి తీసి, దీపానికి పట్టి చూసుకున్నాడు. తర్వాత రెండు ముక్కల టెస్టరు, చెరో కొసకీ ఒక ముక్క చొప్పున తగిలించాడు. దాని మీది చిన్న దీపాల్లో ఒకటి వెలిగింది, రెండు వెలిగింది, అలా ఎనిమిదీ వరసగా వెలిగాయి. ఎదురు షాపు వెల్డరుని కూడా పిలిచి చూపించాడు.

"చూశావా? ఎనిమిదికి ఎనిమిది! నెట్టు వాడొచ్చి పొడిచేది ఏముంది ఇక్కడ?"

కోడలు కంప్యూటరు తగిలించి చూసింది. బాగానే వచ్చింది. ముఖం విప్పారింది. ఆ ముఖం చూసి సూది రెండోసారి నోరు మూసుకుంది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కోడలు తనతో పనిచేసే అమ్మాయితో తెర మీద మాట్లాడి చూసుకుంటోంది. నీళ్ళ ట్యాంకు నింపాలని సూది గరిటె కాడతో దీపం వేసి, మోటారు స్విచ్చు నొక్కింది. వెనక గదిలోంచి కేక వినబడింది.

"అత్తయ్యా! తెగిపోయింది!"

మోటారు ఆపితే వచ్చింది. మళ్ళీ వేస్తే పోయింది.

"ఇంతేగా?" అన్నాడు మేస్త్రి, వరండాలో కుర్చీ మీంచి లేవకుండా. "ఆ అరగంట మోటారు వెయ్యకండి."

మోటారు ఆపేశారు. కోడలు మళ్ళీ కూర్చుంది. అయిదు నిమిషాలు బాగుంది. వంటింట్లో ఫ్రిజ్జు గుర్రుమని మొదలుపెట్టింది. అవతలి అమ్మాయి నోరు తెరిచినది తెరిచినట్టే బొమ్మలా నిలిచిపోయింది.

"ఫ్రిజ్జు కూడా ఆపుదామా?" అంది సూది. "తర్వాత ఫ్యాను. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కూర్చుంటే సరి. రోజుకి ఎనిమిది గంటలు. ఎన్నాళ్ళలో పోతామంటావు?"

"ఎనిమిది దీపాలూ వెలిగాయి! నా తీగలో ఏం లేదు. ఆ నెట్టు పెట్టె చెత్తది."

"ఆడలేక మద్దెల ఓడంట."

కోడలు గుమ్మంలో నిలబడింది. "పదకొండుకి పరీక్ష మామయ్యా. ఇది పోతే ఆరేళ్ళదీ పోయినట్టే."

మేస్త్రి నేల చూశాడు.

సూది మిషను సొరుగులోంచి స్క్రూడ్రైవరు తెచ్చింది. అది ఆవిడ మిషనుకి నూనె వేసుకునేటప్పుడు వాడేది. జంక్షన్ బాక్సు మూత విప్పింది. "అది ముట్టుకోకు," అన్నాడు మేస్త్రి. అప్పటికే ఆవిడ వేళ్ళు లోపలున్నాయి. బయటికి లాగితే కప్పని మింగిన పాములా నల్ల టేపు చుట్టిన ఉబ్బు వచ్చింది. ఉబ్బుకి ఇటు నీలం తీగ, అటు బూడిద తీగ ఉన్నాయి.

టేపు విప్పింది. లోపల ఎనిమిది ముడులు. కరెంటు తీగలకి వేసినట్టే గట్టిగా, మొరటుగా వేసినవి. ముడులకి ఇరుపక్కలా జానెడు పొడుగున సన్నతీగలు విడివిడిగా, చింపిరి జుట్టులా ఉన్నాయి. విప్పని చోట మాత్రం రెండేసి తీగలు ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయి. ఆకుపచ్చ జంట బిగుతుగా, గోధుమ రంగు జంట కాస్త వదులుగా. ఏ జంట పురి దానిదే.

"కంపెనీ వాడు పనిలేక వేశాడా ఈ పురి?" అంది సూది. "దారం పురి విప్పితే ఏమవుతుందయ్యా? దూదవుతుంది. దూదితో చొక్కా కుడతావా?"

"నలభై ఏళ్ళుగా ముడి ఇలాగే వేస్తున్నా. ఏ ఇంట్లో దీపం ఆరింది?"

"దీపానికి కరెంటు చాలు. దీనికి మాట పోవాలి. పక్కన మోటారు అరుస్తుంటే, మధ్యలో నీ ముడి పీక పిసుకుతుంటే, మాటెట్లా పోతుంది? అసలు ముడెందుకేశావు?"

"తీగ చాల్లేదు. పాత పనిలో మిగిలిన ముక్క ఉంటే కలిపా. షాపువాడు తక్కువిచ్చాడు, దొంగ సచ్చినోడు."

"వాడు కొలవలేదు. వాడు బద్ద తీస్తే పెట్టెయ్యమన్నావు."

కోడలు లోపలికి వెళ్ళబోయింది. సూది ఆపింది. "ఉండవే. నీ పని కోసమే కదా ఇదంతా. నువ్వూ విను." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "పైపు కొలిచింది పాత చెయ్యి. తీగ కొలిచింది ఈ చెయ్యి. ఈ చెయ్యి పూర్తిగా చాపలేవు నువ్వు."

"ఎవరన్నారే?"

"నీ చొక్కాలన్నాయి. రెండేళ్ళుగా కుడి చంక రెండంగుళాలు వదులు పెట్టి కత్తిరిస్తున్నా. లేకపోతే తొడుక్కోగలవా? ఈ మధ్య గుడ్డలన్నీ సాగిపోతున్నాయని తిడతావుగా పొద్దున లేచి. సాగేది గుడ్డ కాదు, నా ఓపిక."

మేస్త్రి కుడి భుజం మీద ఎడమ చెయ్యి వేసుకున్నాడు. అక్కడ గుడ్డ వదులుగానే ఉంది. వేళ్ళతో ఆ కుట్టు తడిమి చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

"శనివారం షాపులో నీ పద్నాలుగూ కళ్ళారా చూశా," అంది సూది. "చూసి కూడా, వాడి ముందు నీ పరువు తియ్యడం ఎందుకని నోరు మూసుకున్నా. నిన్న ఆ బూడిద తొక్కలు చూసీ మూసుకున్నా. బుద్ధెరిగాక నేను నోరు మూసుకున్నది ఈ రెండుసార్లే. ఏమైందో చూడు. ఇంకోసారి మూస్తే నా పేరు మార్చి పిలువు."

గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. ఆవిడ మెడలోంచి కొలత టేపు తీసింది. అరవై అంగుళాలది. ముందు గదిలో నెట్టు పెట్టె దగ్గర మొదలుపెట్టి, కిటికీ మీదుగా, గుమ్మం పైగా, వరండా గోడ వెంట, వంటింటి బయటి వైపుగా, వెనక గది మూల దాకా కొలుచుకుంటూ వెళ్ళింది. టేపు తిప్పిన ప్రతి చోటా చాకుపీసుతో గీత పెట్టింది. పద్దెనిమిది టేపులు.

"ఇరవై ఏడు మీటర్లు. మోటారు పైపుతో సంబంధం లేకుండా గోడ మీదనే. పాత చేతికైతే పదిహేనున్నర బారలు. ఈ చేతికి పదిహేడు. నువ్వు ఏ చేత్తో కొలుస్తావో ముందు తేల్చుకో."

మేస్త్రి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి, ఆవిడ వైపు చూడకుండా చెయ్యి చాపాడు. ఆవిడ టేపు ఆ చేతిలో పెట్టింది.

ఇరవై నిమిషాల్లో వచ్చాడు. చంకలో నీలం చుట్ట, ముక్క కాదు, మొత్తం ఒకటే. చుట్ట మీద షాపువాడి పెన్సిలు అంకె ఉంది, ముప్ఫై మీటర్లు.

తలుపుల పైన క్లిప్పులు కొట్టాలంటే చెయ్యి పైకి లేవాలి. మేస్త్రి సుత్తి తీసి ఒక క్షణం చూసి, ఆవిడకి ఇచ్చాడు. సూది చీర కొంగు బిగించి స్టూలెక్కింది. మేస్త్రి కింద నుంచి క్లిప్పులందించాడు. కోడలు తీగ చుట్ట విప్పుతూ, మెలిపడకుండా పట్టుకుంది. సూది అంచు కుట్టినంత దగ్గర దగ్గరగా కొడుతోంది.

"అంత దగ్గర అక్కర్లేదే. జానెడున్నరకి ఒకటి చాలు."

"నీ జానెడా, నా జానెడా?"

కోడలికి ఈసారి నవ్వాగలేదు. మేస్త్రి కూడా ముఖం అటు తిప్పుకున్నాడు. మీసం చివర కాస్త కదిలింది.

కొసలు మాత్రం మేస్త్రే చేశాడు. అదే ఆయనకి మిగిలిన పని. వేళ్ళు మాత్రం ఇంకా పాత వేళ్ళే. సూది మిషను దీపం తెచ్చి పట్టుకుంది.

"పురి విప్పకు."

"తెలుసులే."

"నిన్న కూడా తెలిసే విప్పావా?"

"కనెక్టరు దాకా మెలి అలాగే ఉంచుతున్నా, చూడు. కళ్ళజోడు పెట్టుకుని చూడు."

ఆవిడ నిజంగానే కళ్ళజోడు పెట్టుకుని చూసింది. పురి కనెక్టరు అంచు దాకా ఉంది. మెచ్చుకోలేదు గానీ దీపం కాస్త దగ్గరికి జరిపింది.

పది నలభైకి తగిలించారు. సూది గరిటె పట్టుకుని వంటింట్లోకి నడిచింది. దీపం వేసింది, మోటారు వేసింది, మిక్సీ ఖాళీగా తిప్పింది. ఫ్రిజ్జు తలుపు తెరిచి పట్టుకుంది, దాన్ని గుర్రుమనిపించడానికి. ఇస్త్రీపెట్టె కూడా పెట్టింది. ఇల్లంతా సంతలా మోగింది. వెనక గదిలో కోడలు తెర మీద అమ్మాయితో మాట్లాడుతూనే ఉంది. అయిదు నిమిషాలైంది. పదైంది.

"వస్తోందా?" అరిచింది సూది.

"వస్తోందత్తయ్యా! మీరే వినబడట్లేదు!"

అప్పుడు అన్నీ ఆపింది. పదకొండుకి వెనక గది తలుపు మూసుకుంది.

వరండాలో ఇద్దరూ కూర్చున్నారు. మేస్త్రి గోడ మీది నీలం గీతని కొస నుంచి కొస దాకా చూస్తున్నాడు. నలభై ఏళ్ళుగా తీగల్ని గోడలో దాచిన మనిషి. బయటికి కనబడే తీగంటే ఆయన దృష్టిలో లోపలి గుడ్డ బయటికి కనబడినట్టు. ఆయనకి ఒళ్ళంతా జెర్రులు పాకుతున్నట్టుందని సూదికి తెలుసు. ఉండనీ అనుకుంది. ఆవిడ చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుని బొత్తాలు కుడుతోంది. ఇరవై అయిదో నిమిషంలో కుడుతున్న సూది ఆవిడ వేలికే గుచ్చుకుంది. ఆవిడ చేతిలో సూది ఎన్నడూ గుచ్చుకోలేదు. మేస్త్రి చూశాడు గానీ, పుణ్యానికి, ఏమీ అనలేదు.

పదకొండున్నర దాటాక తలుపు తెరుచుకుంది. కోడలు గుమ్మం పట్టుకుని నిలబడింది.

"తెగలేదు. రేపట్నుంచి ఇక్కడి నుంచే కూర్చోమన్నారు."

"తెగడానికి అదేమన్నా మీ మామయ్య ముడా?" అంది సూది. అని లేచి, కోడలి చెంప మీద అరచెయ్యి ఒకసారి ఆనించి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం వెల్డరు షాపు మూస్తూ ఇటు తొంగిచూశాడు. ముందు గది కిటికీ మీదుగా పోతున్న నీలం తీగ వాడి కంటబడింది.

"ఏం మేస్త్రీ, గోడ మీదికి వచ్చావేంటి? నిన్న లోపల లాగావుగా? నీ పనిలో తీగ బయట కనబడడం ఇదే చూడ్డం."

"లోపల మోటారు గోల," అన్నాడు మేస్త్రి. "ఈ తీగ సుకుమారం. మీకు తెలీదు, దీని పురి సంగతి వేరే."

"ఎన్ని బారలు పట్టిందేం?"

"పద్నా..."

ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"పదిహేడు!" అంది లోపలి నుంచి సూది, వీధంతా వినబడేలా.

వెల్డరు కిటికీ వైపు చూశాడు, మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి కుడి భుజం ఒకసారి కదిపాడు, వదులు చొక్కాలో.

"పదిహేడు," అన్నాడు వెల్డరుతో. "ఈ చేత్తో."

లోపల మిషను మళ్ళీ మొదలయింది.